ఎత్తిన చెయ్యి ఎండాలా, పడిపోవాలా? 1909 నాటి ఒట్టు తెలుగులో

న్యూయార్క్ కుట్టుపని అమ్మాయిల సమ్మె మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1909 నవంబరు 22 రాత్రి కూపర్ యూనియన్ హాల్లో వేలమంది కుడిచెయ్యెత్తి చేసిన ప్రమాణం దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో నిలిచి ఉన్న ఆ ఒట్టు మాటల సారం ఇది: ఇప్పుడు మాటిచ్చిన పనికి ద్రోహం చేస్తే, ఎత్తిన ఈ చెయ్యి భుజం నుంచి ఎండి రాలిపోవాలి. "ఈ చెయ్యి పడిపోవాలి" అంటే మనవాళ్ళకి చప్పున ఎక్కుతుందనిపిస్తోంది. పెద్దలు చెప్పండి.

—

"పడిపోవాలి" వద్దండీ. "నీ చెయ్యి పడిపోను" అని ఎదుటివాణ్ణి తిడతాం. మన మీద మనం పెట్టుకునేవి వేరు: "అబద్ధమాడితే నా కళ్ళు పోతాయి", "మా అమ్మ మీదొట్టు". పైగా చెయ్యి పడిపోయిందంటే పక్షవాతమే గుర్తొస్తుంది. నా ఓటు "ఎండిపోవాలి"కే.

—

ఆ ఒట్టుకి మూలం బైబిల్లోని 137వ కీర్తన. యెరూషలేము నుంచి చెరపట్టుకుపోతే, బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చిన యూదుల పాట. అయిదో వచనం తెలుగు బైబిల్లో "యెరూషలేమా, నేను నిన్ను మరచినయెడల నా కుడిచేయి తన నేర్పు మరచును గాక" అని ఉంటుంది. హీబ్రూలో "తన నేర్పు" అన్న మాటే లేదు. "నిన్ను మరిస్తే నా కుడిచెయ్యి మరచుగాక" అని ఊరుకుంటుంది, ఏం మరవాలో చెప్పదు. ఖాళీని అనువాదకులు పూరించారు. ఇంకొందరు ఆ క్రియనే "ఎండిపోవు" అని చదివారు. కాబట్టి "నేర్పు మరచు", "ఎండిపోవు" రెండింటికీ ఆధారం ఉంది.

నాకైతే "నేర్పు" అన్న మాటే ఇక్కడ బలంగా పడుతుంది. ఆ హాల్లో ఉన్నది షర్టువెయిస్టులు, అంటే ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేవాళ్ళు. ఎక్కువమంది తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదు అమ్మాయిలు, ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. కొన్ని షాపుల్లో, అంటే కుట్టు కార్ఖానాల్లో, సూదికీ దారానికీ మిషను తిరిగే కరెంటుకీ కూడా జీతంలో కోత. వాళ్ళ ఆస్తల్లా చెయ్యి తిరిగిన పనితనమే. దాన్నే పణం పెట్టారు.

ఆ రాత్రి రెండు గంటలపాటు పెద్దలు మాట్లాడారు, అమెరికా కార్మిక సంఘాల సమాఖ్య అధ్యక్షుడు శామ్యూల్ గాంపర్స్ సహా. జాగ్రత్త, ఆలోచించండి, తొందర వద్దు. వినీ వినీ క్లారా లెమ్లిక్ అనే ఇరవైమూడేళ్ళ అమ్మాయి వేదికెక్కింది. అంతకుముందు పికెటింగులో గూండాలు కొడితే పక్కటెముకలు విరిగిన మనిషి. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో రెండు మూడు ముక్కలే అంది: ఈ మాటలు ఇక చాలు, సార్వత్రిక సమ్మె చేద్దాం. హాలు దద్దరిల్లింది. అప్పుడు సభాధ్యక్షుడు "పాత యూదు ఒట్టు పెడతారా?" అని అడిగాడు. చేతులు లేచాయి.

—

మాస్టారూ, ఒక సందేహం. కీర్తన మీద ఒట్టంటే ఆ సభ నడిపినవాళ్ళు భక్తులా? సోషలిస్టులనుకున్నానే.

—

సోషలిస్టులేనమ్మా. ఆ అధ్యక్షుడు బెంజమిన్ ఫైగెన్‌బామ్ పచ్చి నాస్తికుడు. మతం మీద విరుచుకుపడుతూ రాసినవాడు. దేవుణ్ణి వదిలేశాడు గానీ కీర్తన నోట్లోనే ఉండిపోయింది. యెరూషలేము స్థానంలో సమ్మె వచ్చి కూర్చుంది. మన కమ్యూనిస్టు బుర్రకథల్లో పురాణం పోలికలు రావడంలేదూ, అలాంటిదే.

—

ఇంతకీ ఒట్టు నిలబడిందా?

—

నిలబడిందనే చెప్పాలి. దాదాపు ఇరవై వేలమంది రోడ్డెక్కారు, వందలమంది అరెస్టయ్యారు. 1910 ఫిబ్రవరికి చాలా షాపులు వారానికి 52 గంటల పనికి ఒప్పుకున్నాయి, సూది దారం కోతలు ఎత్తేశాయి. షర్టువెయిస్టులు తయారుచేసే ట్రయాంగిల్ కంపెనీ మాత్రం యూనియన్‌ని గుర్తించలేదు. 1911 మార్చి 25న అక్కడే మంటలు లేచాయి. ఒక తలుపుకి తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు.

లెమ్లిక్‌ని తర్వాత ఏ షాపూ పనిలోకి తీసుకోలేదు. ఆవిడ ఓటుహక్కు వైపు తిరిగింది. పనిచేసే ఆడవాళ్ళకి ఓటు లేనిదే చట్టం మారదని వాదించింది. న్యూయార్క్ రాష్ట్రంలో స్త్రీలకి ఆ హక్కు 1917లో వచ్చింది. 1935లో మాంసం ధరల మీద గృహిణుల బహిష్కరణ నడిపింది. ఆఖర్న లాస్ ఏంజెలెస్ వృద్ధాశ్రమంలో ఉన్నప్పుడు కూడా అక్కడి ఆయాల చేత, వార్డుబాయ్‌ల చేత యూనియన్ పెట్టించింది. 1982లో పోయింది.

—

అందరికీ ధన్యవాదాలు. "ఇప్పుడన్న మాట తప్పితే, ఎత్తిన ఈ చెయ్యి ఎండిపోవు గాక" అని రాసి, "నేర్పు మరచును గాక"ని కింద వివరణలో పెడుతున్నాను. మాస్టారు ఒప్పుకోరని తెలుసు.

—

ఒప్పుకోను. "ద్రోహం" అన్న మాట తీసేశావు, ముందది వెనక్కి పెట్టు. మాట తప్పడం వేరు, తోటివాళ్ళని వదిలేసి పనిలోకి పోవడం వేరు.