సెస్నా 172 సిస్టమ్స్: వీడియోలు చూస్తే చాలదా?

ప్రశ్న: సెస్నా 172ఎన్ అనే చిన్న విమానం మీద చెకౌట్ (సొంతంగా నడపనిచ్చే ముందు పెట్టే పరీక్ష) ఉందండీ. ఫ్యూయల్, ఎలక్ట్రికల్ వీడియోల్లో చూసేశాను. పీఓహెచ్ (పైలట్ హ్యాండ్‌బుక్) మొత్తం చదవాలా?

జవాబు 1: వీడియో ఏ మోడల్‌దో చూశారా? 172ఎస్ అనే మోడల్‌ది ఇంజెక్షన్ ఇంజిన్, కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడిగాలి పంపే) నాబే ఉండదు. మీ ఎన్‌లో గాలినీ ఇంధనాన్నీ కలిపే కార్బ్యురేటర్ ఉంటుంది. అందులో ఐస్ పడితే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) మెల్లగా జారుతుంది. అప్పుడు కార్బ్ హీట్ నాబ్ పూర్తిగా లాగాలి. ఐస్ కరిగే లోపు ఇంజిన్ ఇంకాస్త దడదడలాడుతుంది. కంగారుపడి వెనక్కి నొక్కారో, అంతే సంగతులు.

జవాబు 2: ఇంధనమూ అంతే. ఎస్‌లో వాడకానికొచ్చేది 53 గ్యాలన్లు, ఎన్ స్టాండర్డ్ ట్యాంకుల్లో 40. తేడా చిన్నదా?

జవాబు 3: పీఓహెచ్‌లో సిస్టమ్స్ గురించి చెప్పే సెక్షన్ 7 పట్టుకుని కాక్‌పిట్‌లో కూర్చోండి, ఒక్కో సర్క్యూట్ బ్రేకర్‌నీ వేలుపెట్టి గుర్తుపట్టండి. విమానానికి తర్వాత బిగించిన ఆటోపైలట్ వివరాలు సెక్షన్ 9 సప్లిమెంట్లలో (అనుబంధాల్లో) ఉంటాయి. చాలామంది వదిలేసేది అదే. ఆ పీఓహెచ్ మీ విమానం సీరియల్ నంబరుకి సరిపోతుందో లేదో మాత్రం సరిచూసుకోండి.