కొండ కింద పొదల బీడు: మొక్కలు నాటాలా, తుమ్మ తీయాలా?

గుంటూరు_పచ్చదనం:
కొండవీడు వైపు కొండల కింద మూడెకరాల బీడు ఉందండీ. ఎర్ర గరపనేల. తంగేడు, బలుసు, రేగు, వాక పొదలు, మధ్యలో మోకాలెత్తు గడ్డి. ఒక పక్క నుంచి సర్కారు తుమ్మ కమ్ముకొస్తోంది. తొలకరికి కానుగ, వేప నాటుదామని మా సంఘంలో అనుకుంటున్నాం. రెండడుగుల గుంట చాలా? తుమ్మను జేసీబీతో ఒకేసారి లేపేయొచ్చా?

కౌజుపిట్ట:
అసలు నాటకండి. మీరు బీడంటున్నది ఖాళీ నేల కాదు. తీతువు గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది, గుడ్డు కూడా రాయి రంగులోనే ఉంటుంది. కౌజుకు గడ్డి, పొద రెండూ కావాలి. కానుగ నీడ కమ్మితే తంగేడూ నిలవదు, గడ్డీ నిలవదు. మొక్కలకు ఊళ్లో చెరువుగట్లు, బడి ఆవరణలు లేవా? రికార్డుల్లో ఇలాంటి పొదనేలల్ని బంజరు కింద రాయడంతోనే ఈ తిప్పలన్నీ.

గునపం_పలుగు:
ముందు సర్వే నంబరు చూసి నేల ఎవరిదో తేల్చుకోండి. రిజర్వు ఫారెస్టయితే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా కొమ్మ కూడా ముట్టకూడదు.

జేసీబీ వద్దు. నేలంతా తిరగబడి, అడుగున నిద్రపోతున్న తుమ్మ గింజలు పైకొస్తాయి, వెనకే వయ్యారిభామ. పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. ఈశాన్య వానల తడి ఇంకా ఉంటుంది, గునపం దిగుతుంది, తీతువు గూళ్ల కాలం మొదలవదు.

తుమ్మ చెట్టును నేలమట్టానికి కొడితే ఒక్క చెట్టు చోట పది పిలకలు లేస్తాయి. ఎందుకంటే మొగ్గలన్నీ మొదలూ వేరూ కలిసేచోటే ఉంటాయి. అందుకే ముందు అడుగెత్తు మోడు వదిలి కొట్టండి, పట్టుకోవడానికి అదే ఆధారం. చుట్టూ తవ్వి, నేలకు అడుగు లోతున తల్లివేరు గొడ్డలితో నరికి మోడుతో సహా లాగేయండి. గుంట అదే మట్టితో పూడ్చండి, ఎరువు, చెరువుమట్టి తేవొద్దు. పుల్లలు అక్కడే తగలబెట్టకుండా వంటచెరుకుకు ఇచ్చేయండి. బలుసు, రేగు పొదలకు దెబ్బ తగలనీయకండి.

అసలు కథ తర్వాతే. వానలకు మొలకలు వస్తాయి. జానెడు లోపు ఉన్నప్పుడు తడినేలలో చేత్తో వస్తాయి, ఆలస్యమైతే వేరు లోతుకు దిగి తెగిపోతుంది. కనీసం మూడేళ్లు ప్రతి వానాకాలం తిరగాల్సిందే. డబ్బులో సగం దీనికే ఉంచండి.

హీత్_పాఠకుడు:
ఇంగ్లండులో పల్లపు హీత్ నేలలదీ ఇదే గోస. సారంలేని ఇసుకనేల, హెదర్ పొదలు. 1800 నాటికి ఉన్నదాంట్లో ఆరో వంతే మిగిలింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కలప కోసం థెట్‌ఫర్డ్ దగ్గర హీత్‌ల మీద పైన్ నాటారు, ఇప్పుడు కొన్నిచోట్ల వాటినే నరికి హీత్ తిరిగి తెస్తున్నారు. ఆకులు రాలి సారం పెరిగితే హెదర్‌ను గడ్డి మింగేస్తుంది, అందుకని కొన్నిచోట్ల పై మట్టి పొరే చెక్కి తీసేస్తారు. మీకంత అవసరం లేదు కానీ, తుమ్మ కూడా గాలిలోని నత్రజని పట్టి నేలలో సారం పెంచే చెట్టే. దాని కింద పేరుకున్న ఆకు మాత్రం ఊడ్చి బయట పోయండి.

గుంటూరు_పచ్చదనం:
మేకల్ని ఆపేయమంటారా?

గునపం_పలుగు:
పూర్తిగా వద్దండి, మేత లేకపోతే పొదలు కమ్మి గడ్డి పోతుంది. తుమ్మకాయ పండి రాలే రోజుల్లో మాత్రం రానీయకండి. కాయలు తిన్న మంద పెంటికల్లో గింజలు మొలవడానికి సిద్ధంగా పడతాయి. కాపరులతో ముందే మాట్లాడుకోండి, కంచె వేస్తే వారంలో పీకేస్తారు.