2014 ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌కి బేరింగ్ పోయింది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

కేఆర్‌పురం_కిట్టు | శనివారం, ఉదయం 9:10
2014లో కొన్న 6 కేజీల ఫ్రంట్ లోడ్. బెల్టు మోడలు, మోటారు నేరుగా డ్రమ్ముకి బిగించే డైరెక్ట్ డ్రైవ్ కాదు. ఉతికేటప్పుడు సణుగుడు, స్పిన్ 800 దాటితే పక్కనున్న గిన్నెల స్టాండు కూడా అదురుతోంది. సర్వీసు మనిషి చూసి బేరింగులు, వాటిలోకి నీళ్ళు దిగకుండా ఆపే సీలు పోయాయన్నాడు. సామానుకి 2,700, కూలీ 4,500, మొత్తం 7,200. షోరూములో 7 కేజీలది 29,000. పాతదిస్తే 2,500 తగ్గిస్తారట. అపార్ట్‌మెంటులో బోరు నీళ్ళూ టాంకరు నీళ్ళూ కలిపి వదులుతారు. ఏం చేయమంటారు?

పైసా_లెక్క | 9:31
కొనేయండి. లెక్క చూడండి: కొత్తది మీకు పడేది 26,500. పదేళ్ళు నడిచిందనుకుంటే ఏడాదికి 2,650. అంటే మీరు పెట్టే 7,200కి పాతది కనీసం రెండేళ్ళ తొమ్మిది నెలలు నడవాలి. దానికి సర్వీసు మనిషి ఇచ్చే గ్యారంటీ ఎంత? మూడు నెలలు! బేరింగు అయ్యాక పంపు, పంపు అయ్యాక బోర్డు. పాత మెషిన్లే గట్టివి అనేవాళ్ళు వస్తారు ఇప్పుడు. చచ్చిన బర్రెకు పాలెక్కువ.

టబ్బు_విప్పినోడు | 10:05
వచ్చినా. బర్రె ఇంకా చావలేదు.

కిట్టు గారూ, ముందు పైసా ఖర్చు లేని పరీక్షలు చేసుకోండి. ప్లగ్గు పీకి, తలుపు తీసి, లోపలి స్టీలు డ్రమ్ముని పై అంచు దగ్గర పట్టుకుని ఎత్తండి. డ్రమ్మూ, దాని చుట్టూ నీళ్ళు నిలిచే బయటి టబ్బూ కలిసి స్ప్రింగుల మీద ఊగితే మంచిదే. డ్రమ్ము ఒక్కటే టకటకా ఆడితే బేరింగు అయిపోయినట్టు. చేత్తో తిప్పి వినండి. చుట్టంతా గరగరమంటే బేరింగు. ఒక్క చోటే టిక్కుమంటే ఏ చిల్లర పైసో, జాకెట్టు హుక్కో టబ్బుకీ డ్రమ్ముకీ మధ్య పడి ఉంటుంది. దానికి 7,200 ఎందుకు? తర్వాత వెనక రేకు విప్పి పుల్లీ చుట్టూ చూడండి. తుప్పు రంగు చారలు కిందికి కారి ఉంటే సీలు ఎప్పుడో పోయి, నీళ్ళు బేరింగులోకి దిగినాయి.

అసలు సంగతి టబ్బు. రెండు సగాలూ బోల్టులతోనో క్లిప్పులతోనో కలిపి ఉంటే విప్పొచ్చు. అంచంతా కరిగించి అతికేసిన టబ్బయితే బేరింగు విడిగా మార్చే దారి లేదు. టబ్బు మొత్తం కొనాల, లేదంటే రంపంతో కోసి, సిలికాన్ పూసి, బోల్టులు బిగించాల. ఆ కోత పని చేసేవాళ్ళున్నారు. నేనైతే వద్దంటా, నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగేదాన్ని అతుకు మీద నమ్మి వదల్లేం.

విప్పినాక ఇంకో రెండు చూడాల. షాఫ్టు మీద సీలు పెదవి రాసుకునే చోట బుష్, అంటే లోహపు తొడుగు, ఉంటుంది. దాని మీద గోరు తట్టేంత గాడి పడితే కొత్త సీలు వేసినా కొన్నాళ్ళకే కారుతుంది. రెండోది స్పైడర్, డ్రమ్ము వెనక మూడు చేతుల చట్రం. డ్రమ్ము స్టీలు, ఇది అల్యూమినియం. సబ్బు మురికి పట్టుకుని తడిగా ఉండి ఉండి తినేస్తుంది. స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులుగా రాలితే పని అక్కడే ఆపండి. స్పైడర్ కూడా కొనాల్సొస్తే నేనూ పైసా గారి పక్కకే వస్తా.

మూడో_అంతస్తు | 10:12
ఎక్స్ఛేంజికి 2,500 చాలా తక్కువ. దసరా దాకా ఆగండి.

పైసా_లెక్క | 10:40
ఇన్ని "అయితే"లు ఉన్నాయంటేనే అర్థం కావట్లేదా? కొత్తది ఫైవ్ స్టార్, కరెంటూ ఆదా. పైగా నీళ్ళు. కిట్టు గారూ, మీ నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల అంకె) ఎంత? 900 దాటితే ఏ రిపేరూ నిలవదు.

కేఆర్‌పురం_కిట్టు | 10:52
మీటరు 860 చూపించింది. అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంది.

పైసా_లెక్క | 10:58
సాఫ్ట్‌నర్ ఉండి కూడా 860! ప్లాంటు పని చేయట్లేదన్నమాట.

ఉప్పునీళ్ళు | 11:20
ఈ తప్పు ఇంకెన్నిసార్లు చదవాలో. టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు. మీటరు నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంకె ఇస్తుంది. కాఠిన్యం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా. సాఫ్ట్‌నర్ చేసేది ఆ రెంటినీ పట్టుకుని బదులుగా సోడియం వదలడం. కాబట్టి ప్లాంటు భేషుగ్గా పని చేస్తున్నా టీడీఎస్ తగ్గదు! తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కూడా రెండూ వేరువేరు వరసలు: టీడీఎస్‌కి లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేకపోతే 2,000 దాకా, కాఠిన్యానికి 200, అలాగే 600 దాకా.

కాఠిన్యం కొలిచే చుక్కల కిట్ కొనండి. కాఠిన్యం ఉన్న నీళ్ళు ముందు ద్రాక్ష ఎరుపులోకి వస్తాయి, ఎన్ని చుక్కలకి నీలం తిరిగిందో లెక్కపెట్టాలి. ప్లాంటుకి ముందోసారి, తర్వాతోసారి. రెండూ ఒకేలా ఉంటే ప్లాంటులో ఉప్పు పోసి రెజిన్ (కాల్షియాన్ని పట్టే గుళికలు) కడగడం మానేశారని అర్థం. కుళాయికి బిగించే బంతుల ఫిల్టరు కాఠిన్యాన్ని తీసేయదు, గార గట్టిపడకుండా కొంత ఆపుతుంది, అంతే.

పైసా_లెక్క | 11:34
పేరు ఏదైతేనేం, చెడ్డ నీళ్ళు చెడ్డ నీళ్ళే.

ఉప్పునీళ్ళు | 11:37
కాదు. సోడియం ఎక్కువున్న మెత్తటి నీళ్ళకి హీటరు మీద గార పట్టదు. కాల్షియం నీళ్ళకి పడుతుంది. చౌక పౌడర్లలో ఉండే చాకలి సోడా ఆ కాల్షియంతో కలిస్తే సుద్దలాంటి పొరై డ్రమ్ముకీ బట్టలకీ అంటుకుంటుంది.

టబ్బు_విప్పినోడు | 12:15
మీరిద్దరూ నీళ్ళ దగ్గరే ఉండండి. అడిగింది బేరింగు గురించి. గార పట్టేది హీటరుకి. బేరింగు చచ్చేది సీలు అరిగి. నీళ్ళు మెత్తనైనా, గట్టివైనా సీలు దాటినాక బేరింగుకి ఒకటే.

ఫైవ్ స్టార్ సంగతి కూడా చెప్తా. చన్నీళ్ళ ఉతుకులో కరెంటు తినేది మోటారు, కొంచెం పంపు. వేడి పెడితేనే ఖర్చు: 15 లీటర్లని 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 0.6 యూనిట్ కావాల్సిందే, ఏ స్టారైనా. చన్నీళ్ళతో ఉతికే ఇంట్లో కరెంటు ఆదా చూపించి 26,500 పెట్టించొద్దు.

పైసా_లెక్క | 12:31
మరి ఈ దోపిడీ గురించి మాట్లాడరేం? బేరింగు మూడొందల రూపాయల వస్తువు. రెండు బేరింగులు, ఒక సీలు. దానికి సామాను 2,700, కూలీ 4,500! గట్టిగా రెండు గంటల పని.

టబ్బు_విప్పినోడు | 13:02
రెండు గంటలా? ఎప్పుడైనా విప్పినారా?

అరవై డెబ్బై కేజీల మెషిన్‌ని గోడ నుంచి లాగాల. పైమూత, సబ్బు డబ్బా, ముందు రేకు, తలుపు రబ్బరు చుట్టూ తీగ, కాంక్రీటు బరువు, హీటరు, మోటారు, పంపు గొట్టాలు, షాకప్‌లు. ఒక్క వైరు తారుమారైతే బోర్డు ఎగిరిపోతుంది కాబట్టి ప్రతి కనెక్టరుకీ ఫోటో తీసుకోవాల. టబ్బు బయటికి రావడానికే ఇద్దరు మనుషులు. పుల్లీ బోల్టుకి లాకింగ్ మందు పూసి ఉంటుంది, వేడి చేయకుండా తిప్పితే తల విరుగుతుంది. షాఫ్టుని సుత్తితో నేరుగా కొడితే కొన ఉబ్బుతుంది, బోల్టు వదులుగా పెట్టి చెక్క అడ్డం పెట్టి కొట్టాల. కొత్త బేరింగుని బయటి రింగు మీదే నొక్కాల, లోపలి రింగు మీద కొట్టినోడు కొత్తదాన్ని కూడా అప్పుడే చంపుతాడు. సీలు పెదవికి నీళ్ళకి కరగని గ్రీజు. బిగించినాక నీళ్ళు పట్టి కారుతుందేమో చూసి, ఖాళీ స్పిన్, మళ్ళీ బట్టలేసి స్పిన్. ఇద్దరికి అయిదు గంటలు.

షోరూములో 29,000 ఇచ్చేటప్పుడు ఎవరూ దోపిడీ అనరు. చెయ్యి మసి చేసుకున్నోడు 4,500 అంటే దోపిడీ. డబ్బాకి విలువ ఇస్తారు, చేతికి ఇవ్వరు, అదీ మీ లెక్క.

హెచ్‌ఎస్‌ఆర్_వదిన | 13:10
మెషిన్ షెడ్డుకెళ్తే వారం. ఆ వారం బట్టలు ఎవరు ఉతుకుతారో ఏ లెక్కలోనూ కనపడలేదు నాకు.

పైసా_లెక్క | 13:48
వదిన గారూ, నేను చెప్తున్నదీ అదే. నా గొడవ కూలీ మీద కాదు, ఆ మాట తప్పే. నాలుగో నెల మళ్ళీ గరగరమంటే ఎవరిని అడగాలి? ఫోను ఎత్తరు, ఎత్తినా "అది బేరింగు కాదు సార్, వేరే కంప్లైంటు" అంటారు. కొత్తదానికి రెండేళ్ళు కాగితం మీద ఉంటుంది. నేను 26,500 పెట్టమంటున్నది ఆ కాగితానికి.

టబ్బు_విప్పినోడు | 14:20
ఈ మాట పొద్దున్నే అనుంటే నీళ్ళ దాకా పోయేవాళ్ళం కాదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాగితం రాయని వాళ్ళే ఎక్కువ.

చేయగలిగింది ఇంతే. పనిని రెండు ముక్కలు చేసుకోండి. విప్పి చూపించడానికి ఇంత, బిగించడానికి ఇంత అని ముందే మాట్లాడండి. స్పైడర్, బుష్ చూసే దాకా సామాను కొనొద్దు. బేరింగు నెంబరు పాతదాని మీదే చదవండి. 6205, 6206 జత చాలా మెషిన్లలో ఉంటుంది గానీ అన్నిట్లో కాదు. 6205 కొలత 25, 52, 15 మిల్లీమీటర్లు. 6206ది 30, 62, 16. పెట్టె మీద పేరుకి నకిలీలు ఎక్కువ, డీలరు బిల్లుతోనే తీసుకోండి. పాత బేరింగులు మీ చేతికి ఇమ్మనండి. ఆరు నెలలు, "సీలు కారినా నాదే పూచీ" అని బిల్లు వెనక రాయించుకోండి. రాయనంటే వేరే మనిషిని చూడండి. పని కూడా ఇంట్లోనే, బాల్కనీలో చేయమనండి. వదిన గారి వారం ఒక రోజుకి దిగుతుంది.

కేఆర్‌పురం_కిట్టు | ఆదివారం, సాయంత్రం 5:40
డ్రమ్ము ఎత్తితే అరంగుళం ఆడుతోంది. వెనక తుప్పు చారలున్నాయి. టబ్బు అంచు చుట్టూ బోల్టులే, అతుకు కాదు. వేరే మనిషితో మాట్లాడాను: విప్పి చూపించడానికి 1,200, స్పైడర్ బాగుంటే బిగించడానికి ఇంకో 3,000, ఆరు నెలలు రాసిస్తానన్నాడు. బుధవారం వస్తున్నాడు. స్పైడర్ పోయి ఉంటే ఆ 1,200 వదులుకుని షోరూముకే.

పైసా_లెక్క | 5:52
విప్పేసిన మెషిన్‌కి ఎక్స్ఛేంజి ఇవ్వరు. ఆ 2,500 కూడా కలుపుకోండి.

టబ్బు_విప్పినోడు | 6:03
అది నిజమే. కొనేటట్టయితే మళ్ళీ బిగించి ఇచ్చేదానికి కూడా ఆ 1,200లోనే ఒప్పించండి.

ఉప్పునీళ్ళు | 6:15
కాఠిన్యం ఎంతో ఇంకా చెప్పలేదు.