త్వరగా కిందికి దిగాలంటే చెవులు మడిస్తే చాలా, స్పైరల్ నేర్చుకోవాల్సిందేనా?

కొత్తపిట్ట:
పారాగ్లైడింగ్‌లో నాది 40 గంటల అనుభవం, ఈఎన్-బి వింగ్ (కొత్తవాళ్ల తరగతి కంటే ఒక మెట్టు పైది). పోయిన వారం మధ్యాహ్నం నెత్తిమీది మేఘం ఉబ్బుతూ ఉబ్బుతూ అడుగు నల్లబడింది. బిగ్ ఇయర్స్ (వింగ్ రెండు చివర్లూ మడవడం, మా భాషలో చెవులు) లాగాను, స్పీడ్ బార్ (వేగం పెంచే కాలి బార్) పూర్తిగా తొక్కాను. అయినా వేరియో (ఎక్కుతున్నామో దిగుతున్నామో చెప్పే పరికరం) కీచుమంటూనే ఉంది, సెకనుకు మీటరు చొప్పున పైకే పోతున్నాను! అలాగే బార్ తొక్కి పట్టి మేఘం అంచు వైపు పారిపోయి బయటపడ్డాను. దిగాక హెల్మెట్ బకిల్ తీయడానికి వేళ్లు రాలేదు. తోటి పైలట్ ఒకాయన "స్పైరల్ రానివాడివి మేఘం కిందికి ఎందుకెళ్లావ్" అన్నారు (స్పైరల్ అంటే గిరగిరా తిరుగుతూ వేగంగా దిగడం). నాకు నేర్పిన ఆయనేమో "స్పైరల్ జోలికి పోకు, చెవులు చాలు" అంటారు. ఎవరి మాట వినాలి?

పాతరెక్క:
మీ గురువుగారి మాటే వినండి. మీరు చేసింది సరైన పనే. చెవులు మడిచి బార్ తొక్కితే కిందికి దిగడంతో పాటు ముందుకూ కదులుతారు. స్పైరల్‌లో ఉన్నచోటే తిరుగుతారు, అంటే లిఫ్ట్ (పైకి లేచే గాలి) మధ్యలోనే ఉంటారు. పైగా బిగ్ ఇయర్స్ పని చేయకపోతే ఆ సంగతి మీకు తెలుస్తుంది, ఇంకో ఆలోచన చేసే టైమ్ ఉంటుంది. స్పైరల్ బెడిసికొడితే ఆలోచించడానికి మీరు స్పృహలో ఉండాలి కదా.

గాలివాటం:
పాతరెక్క గారూ, లెక్క చూద్దాం. చెవులు, బార్ కలిపితే సెకనుకు 3, 4 మీటర్ల సింక్ (దిగే వేగం). బాగా పెద్ద చెవులైతే 5 అనుకుందాం. లిఫ్ట్ 5 ఉంటే ఉన్నచోటే వేలాడుతుంటాం, 6 ఉంటే పైకే. స్పైరల్‌లో 10 నుంచి 15 సునాయాసంగా వస్తుంది. 15 వస్తే 300 మీటర్లు దిగడానికి ఇరవై సెకన్లు చాలు. ముందుకు పారిపోయే దారి మూసుకుపోయిన రోజున ఇంకేం చేస్తారు? రాదని ఊరుకుంటే, అవసరం పడిన రోజున జీవితంలో మొదటి స్పైరల్ భయంతో, మేఘం కింద మొదలుపెడతారు.

నీలిగొడుగు:
బి-లైన్ స్టాల్ (రెండో వరస తాళ్లు లాగి వింగ్ ముందుకు పోకుండా ఆపడం) ఊసే ఎవరూ ఎత్తలేదేం? సెకనుకు 6 నుంచి 8 మీటర్లు, జీ-ఫోర్స్ (తిరిగేటప్పుడు ఒంటిని నొక్కే బరువు) లేదు, తల తిరగదు.

గాలివాటం:
ఓసారి లాగి చూడండి, చేతులు పీకేస్తాయి. ఐదు నిమిషాలు పట్టుకోవడం నా వల్ల కాలేదు. ముందుకు వేగం ఉండదు కాబట్టి గాలి ఎటు తోస్తే అటే. టూ-లైనర్లలో (రెండే వరసల తాళ్లున్న వింగ్‌లలో) అసలు కుదరదు. ఈ రోజుల్లో దాన్ని నమ్ముకునేవాళ్లు తక్కువ.

పాతరెక్క:
గాలివాటం గారి లెక్క తప్పని అనను. కానీ ఆ లెక్క ఎక్కడిదాకా పోతుందో కూడా చూడాలి. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మానిల్లా దగ్గర ఉరుముల మేఘం ఎవా విస్నియెర్‌స్కాను 9,900 మీటర్లు దాటించింది. ఆమె ప్రపంచ స్థాయి పైలట్. అంత ఎత్తున స్పృహ తప్పి, ఒంటిమీద మంచు పేరుకుని కూడా బతికి బయటపడింది. అదే రోజు చైనా పైలట్ హె జోంగ్‌పిన్ బతకలేదు. అలాంటి మేఘంలో గాలి సెకనుకు 20 మీటర్లు కూడా పైకి లేవగలదు. మీ 15 అక్కడ ఏ మూలకు?

గాలివాటం:
ఒప్పుకుంటాను. అక్కడ ఏ టెక్నిక్కూ పని చేయదు. నేను చెప్పేది దానికంటే చాలా కింది మెట్టు గురించి, కొత్తపిట్ట గారు ఇరుక్కున్న రకం మేఘం గురించి.

కొత్తపిట్ట:
అన్నా, స్పైరల్‌లోకి వెళ్లడం కంటే బయటికి రావడమే కష్టమట, నిజమేనా?

గాలివాటం:
నిజమే. కొన్ని వింగ్‌లు బ్రేక్ వదలగానే వాటంతట అవే తేరుకుంటాయి. కొన్ని, నిట్టనిలువు స్పైరల్‌లో, మీరు వదిలినా తిరుగుతూనే ఉంటాయి. అప్పుడు బరువు బయటి వైపు వేసి, బయటి బ్రేక్ గట్టిగా లాగాలి. లోపలి బ్రేక్ ఒక్కసారిగా వదిలేస్తే ఆ వేగమంతా మిమ్మల్ని పైకి విసిరేస్తుంది, వింగ్ ముందుకు దూకుతుంది. అందుకే రెండు మూడు చుట్ల మీద నెమ్మదిగా విప్పాలి. చెస్ట్ స్ట్రాప్ మరీ బిగించి ఉంటే వింగ్ స్పైరల్‌లోనే ఉండిపోయే గుణం పెరుగుతుంది. ఎంత వెడల్పు పెట్టాలో మాన్యువల్లో ఉంటుంది, చదవండి. చూపు నేలకు అతికించవద్దు. నేల దగ్గరకొచ్చేదాకా స్పైరల్ కొనసాగించొద్దు, ఆ వేగంలో ఎత్తు అంచనా తప్పుతుంది. ఏం చేసినా ఆగకపోతే, ఎత్తు ఉండగానే రిజర్వ్ (అత్యవసర పారాచూట్) విసరాలి. జీ-ఫోర్స్ తగ్గడానికి యాంటీ-జీ చ్యూట్ (వేగాన్ని తగ్గించే చిన్న పారాచూట్) వేసుకునేవాళ్లూ ఉన్నారు.

పాతరెక్క:
నేనెందుకు వద్దంటున్నానో చెప్పేస్తా, లేకపోతే చాదస్తం అనుకుంటారు. చాలా ఏళ్ల కిందట చెప్పేవాళ్లు లేకుండా సొంతంగా లాగాను. మూడో చుట్టుకే బుగ్గలు కిందికి జారినట్టు అనిపించింది. ఐదో చుట్టుకు చూపు అంచుల నుంచి బూడిద రంగులోకి మారుతూ, గొట్టంలోంచి చూస్తున్నట్టయింది. ఆ తర్వాత కొన్ని సెకన్లు నా లెక్కలో లేవు. మళ్లీ చూపు వచ్చేసరికి వింగ్ మామూలుగా ఎగురుతోంది, బ్రేక్‌లు నా చేతుల్లో లేవు. అది స్పైరల్‌లోనే ఉండిపోయే రకం వింగ్ అయ్యుంటే ఈ పోస్ట్ రాసేవాడిని కాదు.

గాలివాటం:
అంటే మీరు స్పైరల్ వద్దనడం లేదు, ఒంటరిగా వద్దంటున్నారు.

పాతరెక్క:
నీళ్ల మీద, లైఫ్ జాకెట్ వేసుకుని, రేడియోలో చెప్పేవాడుంటే నేర్చుకోనివ్వండి. కానీ దాని ధైర్యంతో మేఘం కింద ఇంకో పది నిమిషాలు ఉండిపోతారేమోనని నా భయం.

కొత్తపిట్ట:
ఎస్ఐవి కోర్సుకు (నీళ్ల మీద ఇలాంటివి నేర్పే శిక్షణ) పేరిచ్చేశాను. గురువుగారితో కూడా మాట్లాడాను, "అక్కడైతే సరే" అన్నారు.

పాతరెక్క:
మంచిది. ఒక్కటడుగుతాను. ఆ మేఘం అడుగు నల్లబడటం ఎప్పుడు గమనించారు?

కొత్తపిట్ట:
చెవులు లాగడానికి పావుగంట ముందు. ఇంకో రెండొందల మీటర్లు వస్తాయి కదా అని ఉండిపోయాను.