సినిమా దొంగలను పట్టే పని ఇంటర్నెట్ ఇచ్చేవాడిదా?

బాల్కనీ టికెట్:
2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు దొంగ సినిమాల సైటు ఐబొమ్మ నిర్వాహకుణ్ణి అరెస్టు చేసినప్పుడు మా వీధిలో సగం మంది అతని మీద జాలిపడ్డారు. పేదవాడికి ఉచితంగా సినిమా చూపించాడట పాపం. అతని సంగతి కోర్టు చూసుకుంటుంది. నా ప్రశ్న వేరు. ఆ సినిమాలు మా వీధిలోకి నడుచుకుంటూ రాలేదు, తీగ మీద వచ్చాయి. ఆ తీగకు నెల నెలా డబ్బు వసూలు చేసుకునేవాడు ఒకడున్నాడు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో దొంగచాటుగా చిత్రీకరించినవాడికి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం 3 లక్షల జరిమానా పెట్టారు. ఇంటింటికీ చేరవేసినవాడిని మాత్రం ఎవరూ ఏమీ అనరు. మొదటిసారి హెచ్చరించండి, రెండోసారి వేగం తగ్గించండి, మూడోసారి కనెక్షన్ పీకేయండి. కరెంటు తీగకు కొక్కెం తగిలిస్తే లైన్‌మన్ ఊరుకుంటాడా?

మా నాన్నగారి థియేటర్ 2021లో మూతపడింది. నా గోల దేని గురించో దాచుకోవడం లేదు.

తీగలవాడు:
మండల కేంద్రంలో బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చేవాణ్ణి. 1,400 కనెక్షన్లు. మీరు తిట్టినవాణ్ణి నేనే కాబట్టి జవాబు చెప్పాలి.

లైన్‌మన్ కొక్కెం పీకుతాడు, ఎందుకంటే పోయింది తన సంస్థ కరెంటు. సినిమా నాది కాదు. నా చందాదారుడు నాకు బకాయి లేడు. మీ సొత్తు పోతే నా ఖర్చుతో నేను కాపలా కాయాలా?

కాపలా కాద్దామన్నా నాకు కనిపించేది ఎంత? ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ తాళం వేసిన సంచిలో సరుకు పంపుతుంది. ఏ సైటుకు వెళ్లారో పేరు తెలుస్తుంది, ఎంత డేటా నడిచిందో తెలుస్తుంది. లోపల ఉన్నది కొత్త సినిమానా, వాళ్ల అమ్మాయి పెళ్లి వీడియోనా నాకెలా తెలుస్తుంది? పైగా నా దగ్గరున్న ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు) తక్కువ. ఒక్కో చిరునామా వెనుక 60 ఇళ్లు ఉంటాయి. ఏ సమయానికి ఏ పోర్టు (ఒకే చిరునామా వెనుక ఇళ్లను విడదీసి చూపే నంబరు) వాడారో కచ్చితంగా రాయకుండా ‘ఫలానా ఐపీ నుంచి దొంగతనం జరిగింది’ అని నోటీసు పంపితే 60 కొంపల్లో ఎవరి కనెక్షన్ పీకమంటారు?

సైట్లను ఆపమని ఉత్తర్వు వస్తే ఆపుతూనే ఉన్నాం. మాలాంటివాళ్లు చేసేదల్లా డీఎన్‌ఎస్‌లో, అంటే సైటు పేరు చెబితే దాని చిరునామా చూపే పట్టికలో, ఆ పేరు కొట్టేయడమే. టెలిఫోన్ డైరెక్టరీలో పేరు కొట్టేస్తే మనిషి ఇల్లు ఖాళీ చేయడు కదా. తొమ్మిదో తరగతి కుర్రవాడు రౌటర్‌లో నాలుగు అంకెలు మార్చుకుని వెళ్లిపోతాడు.

గోదారి గట్టు:
టికెట్టు, పాప్‌కార్న్ ధరలు తగ్గిస్తే పైరసీ దానంతట అదే పోతుంది. నలుగురం సినిమాకు వెళ్తే నా రెండు రోజుల కూలి.

బాల్కనీ టికెట్:
మా థియేటర్‌లో నేల టికెట్ 40 రూపాయలు ఉన్నప్పుడూ జనం ఫోన్లోనే చూశారు. పాప్‌కార్న్ మేము 20 రూపాయలకు అమ్మాం.

తీగలవాడు గారూ, కరెంటు పోలిక మీకు నచ్చకపోతే లారీ పోలిక తీసుకోండి. దొంగ కలప ఎక్కించుకున్న లారీవాడు ‘నాకు కిరాయి ముట్టింది, లోపలేముందో తెలియదు’ అంటే ఫారెస్టువాళ్లు వదిలేస్తారా?

తీగలవాడు:
లారీవాడు కలపను కళ్లతో చూసి ఎక్కించుకుంటాడు. నేను రోడ్డును. రోడ్డు మీద కేసు పెట్టండి.

బాల్కనీ టికెట్:
టోలు వసూలు చేసే రోడ్డు.

వాయిదాల రావు:
రెండు వేరు వేరు సంగతులను కలిపి కొట్టుకుంటున్నారు. సైటును ఆపడం ఒకటి, చందాదారుణ్ణి పట్టుకోవడం ఇంకొకటి.

మొదటిదానికి మన దేశంలో దారి ఉంది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, ఒక సైటును ఆపాక అదే సరుకుతో పేరు మార్చుకుని వచ్చే మిర్రర్ సైట్ల కోసం ప్రతిసారీ కొత్త దావా వేయనక్కర్లేదని, జాయింట్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి జాబితాలో చేర్పించుకోవచ్చని చెప్పింది. 2023 నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ కూడా ఫిర్యాదులు తీసుకునే అధికారులను నియమించింది. వారు చెప్పిన 48 గంటల్లో చర్య తీసుకోవాలి. కాబట్టి ‘ఎవరూ ఏమీ అనరు’ అన్నది తప్పు.

అయితే ఈ దారిలో గోతులున్నాయి. నిందితుడెవరో తెలియనప్పుడు ఇచ్చే ఉత్తర్వులను మన దగ్గర అశోక్ కుమార్ ఉత్తర్వులు అంటారు (పాపం, నిజంగా ఆ పేరున్నవాళ్లు ఏమనుకుంటారో). 2012లో ‘దమ్ము’, ‘3’ సినిమాల కోసం మద్రాసు హైకోర్టు అలాంటి ఉత్తర్వులు ఇస్తే, ప్రొవైడర్లు విమియో లాంటి మామూలు వీడియో సైట్లనే మొత్తంగా మూసేశారు. ఫలానా పేజీలనే ఆపాలి గానీ సైటును కాదని జూన్‌లో ఆ కోర్టే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 2017లో రెండు హిందీ సినిమాల పేరుతో 2,600కు పైగా సైట్ల జాబితా వెళితే, అందులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది. లక్షల పాత పుస్తకాలున్న గ్రంథాలయానికి సినిమా కోసం తాళం.

తీగలవాడు:
పేజీనే ఆపమంటారు. తాళం వేసిన సంచిలో పేజీ కనిపించదని చెప్పాను కదా. ఆపితే సైటంతా ఆపాలి, లేదంటే వదిలేయాలి. ఇటలీలో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల దొంగ ప్రసారాలను 30 నిమిషాల్లో ఆపే యంత్రాంగం పెట్టారు. 2024 అక్టోబరులో అది గూగుల్ డ్రైవ్‌నే ఆపేసింది.

రైన్ ఒడ్డు:
రెండో సంగతి నేను చెబుతాను. జర్మనీలో ఎంఎస్ చదువుతున్నాను. ఇక్కడ ప్రొవైడర్ కాపలా కాయడు. సినిమా కంపెనీ తరఫు లాయర్లే టోరెంట్లలో (జనం ఫైళ్లను ఒకరి నుంచి ఒకరు నేరుగా దించుకునే పద్ధతి) ఐపీ చిరునామాలు ఏరుకుని, కోర్టు అనుమతితో ప్రొవైడర్ దగ్గర పేరు, చిరునామా తీసుకుంటారు. నెలన్నర తర్వాత పోస్టులో ఉత్తరం వస్తుంది. మా ఫ్లాట్‌లో కనెక్షన్ నా పేరున ఉంది. చూసింది పక్క గదిలో ఉండే అన్న, తెలుగు సినిమా కూడా కాదు. ఉత్తరం నా పేరున, 900 యూరోలకు పైగా. కట్టకపోతే కోర్టుకు రమ్మన్నారు. నేను మూడు నెలలు గిడ్డంగిలో రాత్రి డ్యూటీ చేసి కట్టాను. అన్న అప్పటికే ఇల్లు మారిపోయాడు.

బాల్కనీ టికెట్:
బాధాకరమే. కానీ ఆ తర్వాత మీ ఫ్లాట్‌లో ఎవరైనా టోరెంట్ పెట్టారా?

రైన్ ఒడ్డు:
లేదు.

బాల్కనీ టికెట్:
అదే నేను చెబుతున్నది.

రైన్ ఒడ్డు:
తప్పు చేయనివాడు కట్టాడు, చేసినవాడు పోయాడు. మీకు దానిలో కనిపించింది అదొక్కటేనా?

పాత రీలు:
2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సగం సినిమా బయటికి వచ్చింది. సీడీల మీద తిరిగింది. దానికి ఇంటర్నెట్‌వాడు ఏం చేశాడు? పోలీసులు పట్టుకున్నది సినిమాకు పనిచేసినవాణ్ణే. ముందు ఇంటి దొంగను చూసుకోండి.

వాయిదాల రావు:
ఫ్రాన్స్ 2009లో బాల్కనీ టికెట్ గారు అడిగిన చట్టమే చేసింది. రెండు హెచ్చరికలు, మూడోసారి కనెక్షన్ నిలిపివేత. 2013 జూలైలో ఆ నిలిపివేత శిక్షను ఎత్తేశారు. అమెరికాలో 2019లో వర్జీనియా జ్యూరీ కాక్స్ అనే ప్రొవైడర్‌కు వంద కోట్ల డాలర్లు వడ్డించింది, చందాదారులు దొంగచాటుగా పంచుకున్న 10,017 పాటలకు. ఆ మొత్తాన్ని 2024లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

తీగలవాడు:
ఇదీ మా భయం. వంద కోట్ల డాలర్ల కత్తి నెత్తి మీద వేలాడితే ఎవడైనా ఆలోచిస్తాడా? నోటీసు రాగానే పీకేస్తాడు. ఆన్‌లైన్ క్లాసు వినే పిల్లవాడి కనెక్షనూ పోతుంది, మందుల షాపు బిల్లింగ్ కనెక్షనూ పోతుంది.

వాయిదాల రావు:
కాక్స్ మరీ అమాయకురాలేమీ కాదు. పదే పదే పట్టుబడిన చందాదారులకు పీకినట్టు పీకి వెంటనే మళ్లీ ఇచ్చేదని సాక్ష్యం ఉంది. చందా పోతుందని.

బాల్కనీ టికెట్:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. చందా పోతుందని! తీగలవాడు గారూ, మీ ఊరు ఏదో నాకు తెలియదు. మా ఊళ్లో మీలాంటి ఆయన కనెక్షన్లు అమ్మేటప్పుడు పంచిన కరపత్రం నా దగ్గర ఉంది. ‘కొత్త సినిమా ఏదైనా నిమిషంలో మీ ఇంట్లో’ అని పెద్ద అక్షరాలతో. ఆ కరపత్రం మా థియేటర్ గోడ మీదే అంటించారు, మా పోస్టర్ పైన. లోపలేముందో తెలియని రోడ్డు ఇలా ప్రచారం చేసుకుంటుందా?

తీగలవాడు:
అది ఓటీటీల గురించి అయి ఉంటుంది.

బాల్కనీ టికెట్:
2018లో మా ఊళ్లో ఓటీటీ చందా ఎంతమంది కట్టారు?

తీగలవాడు:
ఎవరో అంటించిన కరపత్రానికి నేను జవాబు చెప్పను.

బాల్కనీ టికెట్:
చెప్పరు. మీకు ఐపీ తెలియదు, పేజీ తెలియదు, కరపత్రం తెలియదు. బిల్లు వసూలు తేదీ మాత్రం తెలుసు.

తీగలవాడు:
సరే, నేనూ చెబుతాను. 2004లో నేను కేబుల్ నడిపేవాణ్ణి. లోకల్ ఛానల్‌లో రాత్రి పది గంటలకు కొత్త సినిమా సీడీ వేసేవాణ్ణి, ఒప్పుకుంటున్నాను. కేసు పెట్టారు, రెండు రోజులు స్టేషన్‌లో కూర్చున్నాను. సీడీ వేయనిరోజు ఫోన్ చేసి తిట్టినవాళ్లలో మా ఊరి థియేటర్ మేనేజర్ భార్య ఉంది. అప్పటినుంచి ఒక్క సీడీ ముట్టలేదు. ఆ రెండు రోజులు నేను కూర్చున్నాను, చూసిన ఊరంతా ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు మళ్లీ నన్నే కూర్చోమంటున్నారు.

నిర్వాహకులు:
ఎవరి ఇంటి ఆడవాళ్ల ప్రస్తావనా వద్దు. ఇంకోసారి వస్తే చర్చ మూసేస్తాం.

రైన్ ఒడ్డు:
బాల్కనీ టికెట్ గారిని ఒక్కటి అడుగుతాను. రేపటినుంచి మా తీగలవాడు గారు మూడు హెచ్చరికలు ఇచ్చి 200 కనెక్షన్లు పీకారనుకోండి. మీ థియేటర్ తెరుస్తారా?

బాల్కనీ టికెట్:
థియేటర్ లేదు. కల్యాణ మండపం అయింది, 2022లో.

రైన్ ఒడ్డు:
మరి పీకడం దేనికి?

బాల్కనీ టికెట్:
ఆఖరి ఆట రోజున హాల్లో 11 మంది ఉన్నారు. మా నాన్న టికెట్లు చింపకుండా వాళ్లకు ఉంచుకోమని ఇచ్చారు. మర్నాడు టీ కొట్టు దగ్గర అదే సినిమా గురించి ముప్పై మంది మాట్లాడుకుంటున్నారు, మా నాన్న పక్కనే నిలబడి ఉండగా. ఒక్కరికీ నోరు తడబడలేదు. మళ్లీ తెరవడానికి కాదండీ. ఒక్కసారైనా వాళ్లకు తప్పు చేశామని తెలియాలి. పోలీసులు వీధి వీధికీ రారు. మీటరు తీగలవాడి దగ్గరే ఉంది.

తీగలవాడు:
అంటే మీకు కాపలావాడు అక్కర్లేదు. చెంపదెబ్బ కొట్టేవాడు కావాలి. ఆ ముప్పై మంది ఇళ్లకు బిల్లుకు వెళ్లేది నేను. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు వెళ్లేదీ నేనే. నా చేత కొట్టించకండి.

బాల్కనీ టికెట్:
ఆ పెళ్లిళ్లు మా హాల్లోనే జరుగుతాయి. మమ్మల్ని కూడా పిలుస్తారు.

గోదారి గట్టు:
పాప్‌కార్న్ 20 రూపాయలు ఏ ఊళ్లో?