నల్గొండ బత్తాయి డ్రింక్‌కు కార్టూన్ బొమ్మ పెట్టాలెనా, వద్దా?

బత్తాయితోట: రైతుల కంపెనీ ఒకటి 200 మి.లీ. బత్తాయి డ్రింక్ తెస్తున్నది. డబ్బా మీద కార్టూన్ ఉండాలని సగం మంది అంటున్రు. అది పిల్లలకు చక్కెర అలవాటు చేసేందుకు సిగరెట్ కంపెనీలు కనిపెట్టిన ఉపాయమని మిగిలినోళ్లు. రెండు పక్షాలూ అమెరికాల హవాయియన్ పంచ్ అనే పండ్ల డ్రింక్ బొమ్మ ‘పంచీ’నే ఉదాహరణ చూపిస్తున్నయి.

పాలమూరు పెన్సిల్: సిగరెట్ కంపెనీ కనిపెట్టిందన్నది తప్పు. హవాయియన్ పంచ్ 1934లో కాలిఫోర్నియాల ఐస్‌క్రీమ్ మీద పోసే సిరప్‌గా మొదలైంది. పంచీని 1960ల మొదట్లో యాడ్ ఏజెన్సీ గీసింది. సిగరెట్ కంపెనీ ఆర్.జె. రేనాల్డ్స్ ఆ బ్రాండ్‌ను కొన్నది 1963లో. కూల్-ఎయిడ్ అనే ఇంకో డ్రింక్ పొడి మీది నవ్వే జగ్గు బొమ్మ ఇంకా పాతది, 1954. అది ఇంకో సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ చేతికి వచ్చింది 1985లో.

కోదాడ కాలమ్: ఎవలు గీసిన్రన్నది పంచాయితే కాదు. రేనాల్డ్స్ చేతిల పడ్డంక పంచీ ఎక్కడెక్కడికి పోయిండో చూడు: స్కూలు పుస్తకాల అట్టలు, ఆటబొమ్మలు, గడియారాలు. పెద్దోళ్లు మద్యంల కలుపుకునే డ్రింకును పిల్లల దిక్కు తిప్పిన్రు. కంపెనీల పాత కాగితాలు తిరగేసి 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు రాసింది గదే.

పాలమూరు పెన్సిల్: అది వాడినోడి తప్పు, బొమ్మది కాదు. పంచీ పని ఒక్కటే: ‘పంచ్ కావాలా?’ అని అడుగుడు, ‘ఊ’ అన్నోడి మొఖం మీద గుద్దుడు. కొన్ని సెకన్లల్ల బ్రాండ్ పేరు మనసుల పడుతది. మనోళ్లు గీయించే ‘నవ్వే బత్తాయి’కి చేసేందుకు పనే లేదు, అందుకే గుర్తుండదు. గీస్తే మందం గీత, మూడు రంగులు చాలు. గ్రావ్యూర్ అనే అచ్చు పద్ధతిల రంగుకో సిలిండర్ కావాలె, ఖర్చు పెరుగుతది. సన్నగీతలు పెడితే రంగు కొంచెం జరిగినా బొమ్మకు రెండు మూతులు కనపడుతయి.

దేవరకొండ ల్యాబ్: బొమ్మ సంగతి తర్వాత, ముందు రసం చూడండి. బత్తాయి పిండేటప్పుడు గింజ, తెల్లపొర నలిగితే లిమోనిన్ చేదు వస్తది. పిండంగనే తెలవదు. వేడి చేసినంక, లేదా కొన్ని గంటలు ఆగినంక బయటపడుతది. స్క్రూ ప్రెస్‌ల మొత్తం కాయ వేసి నలిపేటోళ్లకే ఇది ఎక్కువ. తొక్క తీసి, ఒత్తిడి తగ్గించి పిండాలె. ఇంకోటి, దేశంల తిండి నాణ్యత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కన ఫ్రూట్ డ్రింక్‌ల రసం కనీసం 10 శాతం, నిమ్మకైతే 5 శాతం. 10 శాతం రసం పోసి, డబ్బా నిండా కాయబొమ్మ వేస్తే కొన్నోడు ఏమనుకోవాలె?

కోదాడ కాలమ్: నేననేదీ గదే. ఆ సంస్థ 2020 రూల్స్ ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని స్కూల్లో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపల గానీ పిల్లలకు అమ్మొద్దు, ప్రచారం చెయ్యొద్దు. స్కూలు ముందటి కిరాణా షాపుకు బొమ్మ పోస్టరు కట్టిన్రంటే చిక్కే.

మిర్యాలగూడ దస్తావేజు: పెట్టినా పెట్టకపోయినా, గీసే ఆర్టిస్టుతో ముందే కాగితం రాసుకోండి. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా ఉండాలె. అండ్ల గడువు రాయకుంటే చట్టం 5 ఏండ్లే అనుకుంటది, ప్రాంతం రాయకుంటే ఇండియా వరకే. తర్వాత ట్రేడ్‌మార్క్ 32వ క్లాసుల, అంటే డ్రింకులు వచ్చే వర్గంల, వెయ్యండి. చిన్న సంస్థకు ఆన్‌లైన్ ఫీజు 4,500 రూపాయలు, రిజిస్ట్రేషన్ 10 ఏండ్లు ఉంటది. బొమ్మను, పేరును వేర్వేరు దరఖాస్తులుగా వేస్తే రేపు బొమ్మ మార్చినా పేరు హక్కు కదలదు.

పాలమూరు పెన్సిల్: వేర్వేరుగా వేసుడు మంచిదే. కోదాడన్నా, పోస్టరు ఒద్దంటే ఒద్దు గానీ, డబ్బా మీద రసం శాతాన్ని బొమ్మంత పెద్దగా రాస్తే మీకు సమ్మతమేనా?

కోదాడ కాలమ్: శాతం ముందటి దిక్కే, బొమ్మ పక్కనే ఉంటే సమ్మతమే. వెనక అచ్చేసి చదువుకోమంటే ఒప్పుకోను.