3090, 3060 కలిపి రెండర్ చేస్తే సిస్టమ్ ఆఫ్ అయిపోతోంది, సలహా కావాలి

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో, దాని రెండర్ ఇంజిన్ సైకిల్స్‌తో రెండరింగ్ (3డీ సీన్‌ను బొమ్మగా మార్చడం) కోసం ఒకే డెస్క్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టాను. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 ముందే ఉంది, ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో 24 జీబీ 3090 తీసుకున్నాను. మదర్‌బోర్డు బీ550 చిప్‌సెట్‌ది, పవర్ సప్లై 850 వాట్లది. బ్లెండర్ సెట్టింగ్స్‌లో ఆప్టిక్స్ (ఎన్‌విడియా కార్డులతో రెండర్ చేసే పద్ధతి) కింద రెండు కార్డులూ కనిపిస్తున్నాయి. విడివిడిగా వాడితే ఏ ఇబ్బందీ లేదు. రెండూ టిక్ చేసి రెండర్ మొదలుపెడితే మాత్రం కాసేపటికి కంప్యూటర్ ఠక్కున ఆఫ్ అయిపోతోంది. బ్లూ స్క్రీన్ కూడా రాదు.

కాగితం మీద లెక్క సరిపోవాలి. 3090కి 350, 3060కి 170 కలిపితే 520 వాట్లు, ప్రాసెసర్ 65 వాట్లది. కానీ 3090 కొన్ని మిల్లీసెకన్ల పాటు తన రేటింగ్ కంటే బాగా ఎక్కువ లాగుతుందని, అప్పుడు పవర్ సప్లై తనను కాపాడుకోవడానికి కట్ చేసేస్తుందని చదివాను. నా అనుమానం కూడా అదే. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (కార్డు పవర్ పరిమితి మార్చే కమాండ్)తో 3090ని 280 వాట్లకు తగ్గిస్తే చాలా, లేక 1000 వాట్లది కొనక తప్పదా? (ఇంట్లో ఇంకో ఖర్చు అంటే ఊరుకోరు.)

ఇంకోటి. 3060 ఉన్న రెండో స్లాట్ చూడ్డానికి పొడుగ్గా ఉన్నా చిప్‌సెట్ నుంచి వచ్చేవి నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు). సీన్ ఒకసారి లోడయ్యాక దీనివల్ల పెద్ద తేడా ఉండదనుకుంటున్నా, నిజమేనా?

ఎస్‌ఎల్‌ఐ (రెండు కార్డులను జతచేసి ఒకటిగా వాడే పద్ధతి) పెట్టమని మాత్రం చెప్పకండి, 3060కి ఆ కనెక్టరే లేదు. సైకిల్స్‌లో ఈ రెండు మెమరీలూ కలిసి 36 జీబీ అవ్వవనీ తెలుసు. మరి 12 జీబీ దాటే సీన్లకు 3060ని ఆపేసి 3090 ఒక్కదానితోనే చేసుకోవడం నయమా?